ఒక్క దేవుడు – ఒక్క పంక్తి



ధవళేశ్వరము ఆనకట్ట వలన మళ్లిన గోదావరి నీరు తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరును. బెజవాడ నుండి వచ్చు కృష్ణా కాలువ అక్కడనే దానిని కలిసికొనును. ఆ రెండు నదుల తీరములందే ఒకప్పుడు మరియొక మాట గట్టిగా వినబడెను: దేవుడొక్కడే గనుక మనుష్యులలో ఎక్కువ తక్కువలు లేవని. దానిని చెప్పినవారు హిందువులలో పుట్టినవారే.

దీనికి మూలము కలకత్తాలో 1828లో రామమోహనరాయలు స్థాపించిన బ్రహ్మసమాజము. ఉపనిషత్తులు బోధించునది ఒక్క దేవునినే అని ఆయన వాదించెను. సతీసహగమనముపై పోరాడెను, 1829లో ప్రభుత్వము దానిని నిషేధించెను. యేసు బోధలను గౌరవించి 1820లో అచ్చువేయించెను గాని, క్రీస్తు దైవత్వమును అంగీకరింపలేదు. అక్కడ మన విశ్వాసము వేరు. అయినను వారి క్రియలను మనము చూడవలెను.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టిరి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఊరు వారిని వెలివేసెను. వంటవారు, నీళ్లు మోయువారు మానివేయగా, భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నుండి నీళ్లు మోసి, పెండ్లివారికి వండి పెట్టెను.

మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, మచిలీపట్నం నోబుల్ కళాశాలలో బోధించిరి. ఆయనయు బ్రహ్మసమాజికులే. 1904 నుండి కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండి, అంటరానివారని త్రోసివేయబడిన పిల్లలకు అక్కడ చోటిచ్చిరి. అనాథలకు ఆశ్రయము కల్పించిరి.

ప్రియులారా, ఇక మన సంగతి చూతము. కొల్లేటి చుట్టుపట్ల సంఘములను దర్శించునప్పుడు మేము చూచుచున్నదేమి? ఒకే ఊరిలో రెండు పల్లెలు, రెండు ప్రార్థన మందిరములు. ఈ పల్లెవారు ఆ పల్లెకు పిల్లనియ్యరు. భర్త చనిపోయిన పాతికేండ్ల బిడ్డకు మరల పెండ్లి అన్న మాట ఎత్తినయెడల, విశ్వాసులే ముఖము త్రిప్పుకొందురు. పెండ్లిపందిటిలో విధవరాలైన తల్లి వెనుక మూలను నిలువబడును.

యాకోబు పత్రిక రెండవ అధ్యాయము తెరచి చదువుడి. మంచి బట్టలవానికి మంచి చోటు, బీదవానికి పాదముల యొద్ద చోటు ఇచ్చు సంఘమును అపొస్తలుడు గద్దించుచున్నాడు. దేవుడొక్కడే అను నమ్మిక దయ్యములకును ఉన్నదని అక్కడనే హెచ్చరించుచున్నాడు. కాబట్టి ఆ నమ్మిక మన పంక్తిలో కనబడవలెను. క్రీస్తును పూర్తిగా ఎరుగనివారు దాని కొరకు వెలిని భరించిరి. ఆయన సిలువను ఎరిగిన మనము ఏమి భరించితిమి?

ఈ నెలలో మీ ఇంట పెండ్లి ఉన్నదా? విధవరాలైన తల్లిని ముందు వరుసలో కూర్చుండబెట్టుడి. ఆవలి పల్లెవారిని పిలిచి, మీ ప్రక్కనే విస్తరి వేయుడి. ప్రభువు మీకు ధైర్యము దయచేయును గాక. ఆమేన్.