అరకులోయలో చలిదినములు

కోస్తా మైదానమున పుట్టి పెరిగినవారికి చలికాలమన్నది చిన్న మాట. ధనుర్మాసపు తెల్లవారుజామున ఒక దుప్పటి, భోగినాడొక మంట. అంతటితో దాని కథ ముగియును. చలికిని తనదైన రంగు, వాసన, నడక కలవని నాకు తెలిసినది అరకులోయలోనే. ఉద్యోగమునకై అచ్చట నివసించు మిత్రుడొకడు పిలువగా ఒక మార్గశిరమున వెళ్లి పది దినములుంటిని. అది మొదలు ఏటేట ఆ దినములు వచ్చునప్పటికి నా మనస్సు అటే లాగుచుండును.

అరకు తూర్పుకనుమలలోనిది, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు చెందినది. విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. బస్సులు కలవు గాని, నేను రైలునే కోరుదును. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు దించుటకై 1960వ దశకమున వేసిన మార్గమది. సొరంగము వెంట సొరంగము. చీకటి, వెలుతురు, మరల చీకటి. పెట్టెలోని పిల్లలు ప్రతి చీకటికిని కేక వేయుదురు. మొదట పెద్దలు మందలింతురు. నాలుగవ సొరంగమునాటికి పెద్దలును కేక వేయుదురు. రైలు పైకి ప్రాకినకొలది కిటికీలోనుండి వచ్చు గాలి పలుచనై, చల్లనై, తడిసిన ఆకుల వాసన మోసికొని వచ్చును.

మొదటి దినమున మిత్రుడు నన్ను తెల్లవారకముందే లేపెను. తలుపు తీయగా ఎదుట ఊరు లేదు. పాలవంటి మంచు మాత్రమే యుండెను. ఎచ్చటనో కోడి కూసెను, ఎవరో దగ్గిరి. మనుష్యులు మాత్రము కనబడలేదు. ఆ మంచులోనుండి మొదట నాకగపడినవారు బడిపిల్లలు. తువ్వాళ్లను తలలకు చుట్టుకొని, చేతులు చంకలలో దాచుకొని, వరుసగా నడచిపోవుచుండిరి. నేను ఉన్ని కోటు తొడుగుకొని వేడుకగా చూచుచున్న చలి వారికి వేడుక కాదు. కొన్ని రాత్రులు అచ్చట పది డిగ్రీలకంటె తక్కువకు దిగును. పలుచని గోడల యిండ్లలో అది ఎట్టిదో పట్టణమునుండి వచ్చినవారికి ఎట్లు తెలియును?

“కొండ ఎక్కుదము, వెచ్చగా నుండును” అని మిత్రుడనెను. ఎత్తునకు పోయినకొలది చలి హెచ్చునుగదా యని నేను నవ్వితిని. అతడు మారుపలుకక నడచెను. అరగంట ఎక్కునప్పటికి నిజముగనే ఒడలు వెచ్చబడెను. నడకవలన కాబోలుననుకొని ఒక బండపై చాలసేపు కూర్చుంటిని. అప్పటికిని వెచ్చగనే యుండెను. మేఘములులేని శీతకాలపు రాత్రులయందు నేల తన వేడిమిని ఆకాశమునకు విడిచి త్వరగా చల్లబడును. నేలనంటిన గాలియు చల్లబడి, బరువెక్కి, నీరువలె కొండచరియలవెంట జారి లోయ అడుగున నిలుచును. అందలి తేమయే పొగమంచగును. మేము ఆ చలిమడుగు దాటి గట్టున కూర్చున్నవారమైతిమి. క్రింద మంచు తెల్లని చెరువువలె కదలక యుండెను. దానిపై గాలికొండ శిఖరము ఎండలో మెరయుచుండెను. ఎనిమిది గంటలకు చెరువు చిరిగెను. ఆ చిరుగులోనుండి మొదట కనబడినది పచ్చని పసుపు.

అవి వలిసె చేలు. ఈ పంటను వెర్రినువ్వులనియు నందురు; ఆ పేరు పెట్టినవాడు దీని పూతను చూచియుండడు. వానకాలమున విత్తిన ఈ పైరు చలి ముదురుచుండగా పూచి, లోయనంతయు బంగారుపూతతో కప్పును. దగ్గరకు పోగా చేనంతయు సన్నని ఝుంకారము. ఈ మొక్క తన పుప్పొడితో తాను గింజకట్టుట అరుదు. ఒక మొక్కనుండి మరియొకదానికి తేనెటీగలు పుప్పొడి మోయవలెను. మేము చూచినది పూలను మాత్రమే కాదు, వేలకొలది కూలీల పనిదినమును.

ఆ చేనిలోనికి పట్టణపు యువకులు కొందరు ఫోటోలకై దిగిరి. ఒకడు వెల్లకిల పండుకొనెను. చేనిగల యవ్వ పరుగున వచ్చినది గాని కేకలు వేయలేదు. “బాబూ, గట్టుమీద నిలబడి ఎంతసేపైనా చూడండి. ఇది పూలతోట కాదు, మా ఏడాది నూనె” అన్నది. కొందరు సిగ్గుపడి గట్టెక్కిరి. పండుకొన్నవాడు మాత్రము “ఎంత కావాలవ్వా?” అని జేబు తడుముకొనెను. ఆమె అతనివైపు చూడక, నలిగిన మొక్కలను ఒక్కొక్కటిగా నిలబెట్టసాగెను. కొన్ని నిలిచినవి, కొన్ని మరల ఒరిగినవి. ఇప్పుడు కొన్ని చేలయొద్ద రుసుము వసూలు చేయుచున్నారట. మెచ్చుకొనలేను గాని, తప్పనియు అనలేను.

మధ్యాహ్నములు కాఫీతోటలలో గడచెడివి. సిల్వర్ ఓకు మ్రాకుల నీడను కాఫీపొదలు, ఆ మ్రాకులకే ప్రాకిన మిరియపుతీగలు. చలిదినములే కాఫీపండ్లు కోయు దినములు. ఒక కొమ్మకే పచ్చకాయ, దోరకాయ, ఎర్రపండు కలిసియుండును; ఎర్రనివానినే ఏరి కోయవలెను. ఆడవారి వ్రేళ్లు చూడకయే వానిని ఎరుగును. ఒక పండు నోట వేసికొంటిని. తొక్క తియ్యగా నుండెను, కాఫీ జాడయే లేదు! 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా యొక్క పుట్టుక ఈ నీడలోనే.

కొండల చాటున సూర్యుడు తొందరగా దిగును. ఎండ పోయిన మరుక్షణమే చలి చేయి చాపును. ఒక సాయంకాలము మిత్రుని పొరుగువారు వాకిట నెగడు వేసిరి. డప్పు, తుడుము మ్రోగగా స్త్రీలు చేతులు వెనుకగా పెనవేసికొని థింసా ఆడిరి. అడుగులు సరళముగనే కనబడినవి. నేర్వబోయిన మిత్రుడు మాత్రము వరుసనంతటిని తప్పించెను. పిల్లలు విరగబడి నవ్విరి. పొద్దుట మంచులో చూచిన బడిపిల్లడొకడు నాప్రక్కన కూర్చుండి, అరచేతులు కాచుకొని చెంపల కద్దుకొనుచుండెను. తన తువ్వాలు చెరగును నాకునిచ్చి, అట్లే చేయుమని సైగచేసెను.

రాత్రి పొద్దుపోయినపిమ్మట అందరును లేచిరి. ఇంటి ముదుసలి మాత్రము నిలిచి, నిప్పులను ఒకచోటకు చేర్చి, వానిపై బూడిద కప్పుచుండెను. ఎందులకని అడిగితిని.

“పొద్దున్నే పిల్లలు బడికి పోవాలి కదా బాబూ” అని, మరికొంత బూడిద త్రోసి లోనికి పోయెను.