పీఎండీ అంటే ఎవరబ్బాయి?

ఏమండీ, దీపావళికి ఇల్లు దులుపుతున్నారా? పాత సీడీలు కనిపిస్తే పారేయొద్దు! ముందు నా మాట వినండి.

మన బళ్లారిలో ఆ రోజుల్లో పెండ్లి కార్డు కొట్టించినవాళ్లకు డీటీపీ సెంటరతను ఒక సీడీ కూడా చేతిలో పెట్టేవాడు. అందులో ఫైలుంటుంది. పేరు చివర చుక్క, ఆపైన పీఎండీ. రెండుసార్లు నొక్కుతారు. దేంతో తెరవాలి అని కంప్యూటర్ మిమ్మల్నే ఎదురడుగుతుంది! తెలిస్తే దాని దగ్గరికెందుకు పోతాం చెప్పండి?

నాకైతే ఆ ప్రశ్న కనబడితే పండగే.

ఎందుకంటే ఆ పీఎండీ తోక ముగ్గురికుంది. పేజ్‌మేకర్ 7 ఫైళ్లకు అదే. జర్మనీవాళ్ల ప్లాన్‌మేకర్‌లో వేసుకున్న పాత లెక్కల పట్టీలకూ అదే. జపాన్‌లో 2008లో వచ్చిన మికుమికుడాన్స్‌లో చిందులేసే బొమ్మలకూ అదే! పోల్చుకోవడం సులువే. ఫైలుకు నకలు తీసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొట్టమొదట పి, ఎమ్, డి అన్న ఇంగ్లిషు అక్షరాలే ఉన్నాయా? అయితే అది జపాన్ బొమ్మ. మీ మేనత్త కూతురి పెండ్లి కాదు.

బళ్లారి సీడీ అయితే పేజ్‌మేకరే అనుకోండి. 1985లో ఆల్డస్ కంపెనీ మొదలుపెట్టింది, 1994లో అడోబీ చేతికొచ్చింది, 2001లో వచ్చిన ఏడో వెర్షనే ఆఖరు. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా ఈ ఫైళ్లను తెరిచేది, ఆ తర్వాతవి తెరవవు. దిగులు పడకండి. లిబ్రె ఆఫీస్ 4.4 నుంచి అందులోని డ్రా ప్రోగ్రాంలో తెరుచుకుంటాయి. పైసా ఖర్చు లేదు. తోక పేరు మార్చేస్తే చాలదా అంటారా? చాలదండీ, లోపలి సరుకు మారదు కదా.

సరే, తెరిచారు. తెలుగేది? అంతా ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల గజిబిజి! భయపడకండి, తెలుగు అక్కడే ఉంది. అను ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చోబెట్టారు. ఫాంటు ఎక్కిస్తే కార్డు కళ్లముందుకొస్తుంది. యూనికోడ్‌లోకి మార్చాలంటే కన్వర్టరుంది.

ఇక్కడే మన ఊరి తమాషా. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. వియ్యాలు మాత్రం ఆగలేదు. కాబట్టి ఒకే కార్డులో పెండ్లికొడుకు వైపు తెలుగు అనులో, పెండ్లికూతురు వైపు కన్నడం నుడి ఫాంటులో ఉంటుంది. మొత్తం ఎత్తి ఒకే కన్వర్టర్‌లో పోశారనుకోండి, వియ్యంకుడి పేరు నోరు తిరగని మంత్రమైపోతుంది! తెలుగు వేరుగా, కన్నడం వేరుగా మార్చుకోండి. యూనికోడ్‌లో తెలుగుకిచ్చిన 128 స్థానాలు అయిపోగానే వచ్చేది ఏ లిపో తెలుసా? కన్నడమే. అక్కడా పక్కింటివాళ్లమే, ఎంత ముచ్చటగా ఉందో!

జీన్సు పనివాళ్లు ఉన్నారా ఇక్కడ? మీకూ ఇలాంటి తోక తంటా ఒకటుంది. ఎంబ్రాయిడరీ మెషీనుకిచ్చే ఫైలు డీఎస్‌టీ. ఆటోక్యాడ్‌లోనూ ఒక డీఎస్‌టీ ఉంది, దానికీ దీనికీ చుట్టరికం లేదు. మనదైతే నోట్‌ప్యాడ్‌లో మొదట ఎల్ఏ అని పేరు, ఆ తర్వాత ఎస్‌టీ అని కుట్ల లెక్క కనబడతాయి. రంగులు మాత్రం అందులో ఉండవు! ఎన్నిసార్లు దారం మార్చాలో చెబుతుందిగానీ ఏ దారమో చెప్పదు. ఇంక్‌స్కేప్‌కు ఇంక్‌స్టిచ్ తగిలించి తెరవండి, జేబుమీది నెమలి కుట్టు కుట్టుగా కనబడుతుంది. మెడకు నీలమా, ఎరుపా? అది మీ ఇష్టం. ఎంత సరదా పనో!

అన్నట్టు, మీలో ఎవరి దగ్గరన్నా తోక పీఎమ్5 అని ఉన్న ఫైలుందా? అది ఇంకా ముసలిది, పాత పేజ్‌మేకర్‌లు వెతికి మెట్టుమెట్టుగా ఎక్కించుకు రావాలి. ఉంటే గోడమీంచి ఒక కేకేయండి, పనులన్నీ పక్కనబెట్టి వస్తా.