ఆళ్లగడ్డ కాలువగట్టు మీద

నంద్యాల నుండి కడప వైపు వెళ్లే బస్సులో ఎడమవైపు కిటికీ దొరికితే, ఆళ్లగడ్డ వరకు నల్లమల కొండలు మనతోపాటు ప్రయాణిస్తూనే ఉంటాయి. బాటకు ఇరువైపులా నల్లరేగడి నేలలు; వరి, పత్తి, శనగ వాటికి అలవాటైన పంటలు. నలభై కిలోమీటర్లు దాటిన తరువాత రాతిమీద ఉలి చప్పుడు వినవచ్చిందంటే ఊరు చేరినట్లే. ఆళ్లగడ్డ శిల్పుల పేరు దూర రాష్ట్రాలకు కూడా పాకింది. ఆ పనిశాలల ముందు నడిచేటప్పుడు మా చూపు పనివారి మీదనే నిలుస్తుంది. కూర్చుంటారు, లేస్తారు, బండను దొర్లిస్తారు, వంగి పొడిని ఊదుతారు. వారి జీవనోపాధిలోనే వ్యాయామం కలిసి ఉంది. రాతిదుమ్ము కూడా కలిసి ఉంది, అది వేరే సంగతి.

బోధనావృత్తి అలాంటిది కాదు. ఏళ్ల తరబడి మదరసాలో పాఠాలు చెబుతున్న మాకు ఆ విషయం మోకాళ్లు తెలియజేశాయి. మా మేనల్లుడికి రక్తపరీక్ష తెలియజేసింది.

అతను జిద్దాలోని ఒక విశ్వవిద్యాలయంలో తొమ్మిదేళ్లుగా అధ్యాపకుడు. గత జూలైలో సెలవులకు వచ్చినప్పుడు చక్కెరవ్యాధి మొదలైందని వైద్యులు చెప్పారు. వయసు నలభై ఒకటి. అక్కడి దినచర్య అడిగితే చేతివేళ్ల మీద లెక్కపెట్టాడు: ఇంటి నుండి కారు, కారు నుండి తరగతి, తరగతి నుండి మళ్లీ కారు. వేసవిలో పగటిపూట బయట నడవడం సాధ్యం కాదు. రాత్రి భోజనం తరువాత జవాబుపత్రాలు దిద్దాలి. చిన్ననాడు మా వద్ద ఖతాతీ నేర్చుకున్న పిల్లవాడు అతను. వెదురుకలం చెక్కడంలో మాకంటే నేర్పరి. ఆ కలాలు జిద్దాలో ఒక డబ్బాలో ఉన్నాయట. మూత తీసి ఎన్నాళ్లయిందో చెప్పలేకపోయాడు.

వాళ్లమ్మ, అంటే మా అక్కయ్య, ఆళ్లగడ్డలో ఒంటరిగా ఉంటారు. “ఈ ఏటితో ఒప్పందం ముగించుకొని వచ్చెయ్యి నాయనా” అని ఆమె పట్టుబట్టారు. అతనికేమో ఇంటి అప్పు ఇంకా మిగిలి ఉంది, పిల్లల చదువు నడుమలో ఉంది. ఆ ఇంట్లో వారం రోజులు అన్నం సహించే వాతావరణం లేదు.

ఫజ్ర్ నమాజు తరువాత ఇద్దరం తెలుగుగంగ కాలువగట్టు మీద నడవసాగాము. ఆరోగ్యవంతమైన పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల నడకవంటి శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ గట్టు మీద నాలుగు రోజుల్లోనే ఆ లెక్క పూర్తయ్యేది. “ఇక్కడ తేలిక, మామూ. పదిమంది పలకరిస్తారు. అక్కడ నడిస్తే నాకు నేనే తోడు” అన్నాడు.

మేము హైదరాబాదుకు చెందిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారి సంగతి ఎత్తాము. ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించిన ఆ పండితుడు 1948 నుండి దాదాపు అర్ధశతాబ్దం పారిస్‌లో నివసించారు. అక్కడి జాతీయ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ, టర్కీ విశ్వవిద్యాలయాలలో పాఠాలు చెబుతూ, ఫ్రెంచి భాషలోకి ఖుర్ఆన్ అనువాదాన్ని 1959లో వెలువరించారు. నిరాడంబరంగా జీవించి, 2002లో అమెరికాలో 94వ ఏట కన్నుమూశారు. పరాయిదేశంలో ఉద్యోగం చేస్తూ తనకు ఇష్టమైన పనిని వదలనివారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మాకు తోచలేదు.

మేనల్లుడు నవ్వి, “ఆయన పెళ్లి చేసుకోలేదు కదా మామూ!” అన్నాడు.

ఆ మాటలో న్యాయం ఉంది. సంసారి వేళలను ఒంటరివాని వేళలతో కొలవకూడదు. అయితే హమీదుల్లా గారు సెలవుల కోసం తన పనిని వాయిదా వేయలేదన్నది కూడా నిజమే. ఈ సంగతి మీద రెండు రోజులు వాదించుకున్నాము. మూడవనాడు శంకుస్థాపన ఫలకం చెక్కుతున్న ఒక పెద్దమనిషి దగ్గర అతను చాలాసేపు నిలబడిపోయాడు. రోజుకు ఎన్ని అక్షరాలు చెక్కుతారని అడిగాడు. “చేతనైనన్ని. చెయ్యి వణికితే ఆపేస్తాను, రాతిమీద దిద్దుబాటు ఉండదు కదా” అన్నాడాయన. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి మేనల్లుడు సిరాబుడ్డి అడిగాడు.

తిరుగు ప్రయాణానికి ముందు నంద్యాల బజారులో అయిదు కిలోల కొర్రలు కొన్నాము. నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రం సూర్యనంది అనే కొర్ర రకాన్ని రూపొందించింది. మేము కొన్నది అదేనో కాదో దుకాణదారు చెప్పలేకపోయాడు. ఒప్పందం మరో రెండేళ్లు పొడిగించుకోవాలని, అప్పు తీరగానే తిరిగి రావాలని ఇంట్లో నిర్ణయమైంది. జవాబుపత్రాలు ఇక కళాశాలలోనే దిద్దుతాడు. శుక్రవారం ఉదయం కలానికి. నడక మాత్రం రోజూ ఫజ్ర్ తరువాత. అక్కడ అయిదు గంటలైతే ఇక్కడ ఏడున్నర. అప్పటికి అక్కయ్య టీ తాగి తీరికగా కూర్చుంటారు. నడుస్తూనే ఆమెకు ఫోన్ చేస్తానని అతను చెప్పాడు.

“ఆయాసపడుతూ మాట్లాడతావా?” అని ఆమె అడిగారు.

“మొదట్లో పడతాను, అమ్మీ” అన్నాడు.