బతికున్న మానిటర్‌కి చావు కబురు

తెర నల్లబడి మధ్యలో 'అవుట్ ఆఫ్ రేంజ్' అన్న మాట తేలుతుంటే మానిటర్ పోయిందనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి ఆ మాట చూపించగలిగిందంటే అది బతికే ఉందన్నమాట. "మీరు పంపే బొమ్మ నా శక్తికి మించిపోయింది బాబూ" అని మొరపెట్టుకుంటోంది, అంతే. ఈ తేడా తెలియకపోతే జేబుకి చిల్లు.

మా చెల్లెలింట్లో అదే జరగబోయింది. డిగ్రీ చదివే మా మేనకోడలి కోసం, ఓ ఆఫీసువాళ్లు వదిలించుకున్న చిన్న కంప్యూటర్ చవగ్గా కొన్నారు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కి ఈ పాత మెషీన్ పనికిరాదు. అందుకే లినక్స్ మింట్ వేసుకోమన్నాను. మానిటర్ మాత్రం ఇంట్లో పడున్న పాత పదిహేను అంగుళాలది. కంప్యూటర్‌కున్నది హెచ్‌డీఎంఐ, మానిటర్‌కున్నది వీజీఏ. రెంటినీ కలపడానికి మధ్యలో ఓ కన్వర్టర్ పెట్టారు.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే మొదటి మెనూ చక్కగా వచ్చిందట. ఎంటర్ కొట్టగానే తెర నలుపు! రిపేరతను వచ్చి చూసి, "ఇది అయిపోయిందమ్మా, కొత్తది కొనాల్సిందే" అని తేల్చేశాడు. మా చెల్లెలు మిషన్ కుట్టి పిల్లని చదివిస్తోంది. "అన్నయ్యా, ఫీజు డబ్బుల్లోంచి తీసి కొనమంటావా?" అని ఫోన్ చేసింది. ఒక్క పూట ఆగమని చెప్పి బయల్దేరాను.

వెళ్లి చూస్తే, ఆ మాట కింద చిన్న అక్షరాల్లో అంకెలున్నాయి. 67.5 కిలోహెర్ట్జ్, 60 హెర్ట్జ్. మానిటర్ మాన్యువల్ వెతికితే దాని హద్దులు దొరికాయి. అడ్డంగా 31 నుంచి 60 కిలోహెర్ట్జ్, నిలువుగా 56 నుంచి 75 హెర్ట్జ్.

"60 హెర్ట్జ్ హద్దులోనే ఉంది కదా మావయ్యా?" అంది మేనకోడలు. మంచి ప్రశ్నే. 60 హెర్ట్జ్ అంటే బొమ్మ సెకనుకి 60 సార్లు గీస్తారని. ఆ ఒక్కో బొమ్మలో ఎన్ని గీతలన్నది ఇంకో లెక్క. 1920×1080 బొమ్మకి, కంటికి కనపడనివీ కలుపుకుని 1125 గీతలు. 60తో గుణిస్తే సెకనుకి 67,500. మానిటర్ ఓపిక 60 వేల దగ్గరే ఆగిపోయింది. దానికి సరిపడే 1024×768 బొమ్మకైతే 806 గీతలు, సెకనుకి 48 వేల చిల్లర. హాయిగా గీసేస్తుంది.

మరి కంప్యూటర్ అంత పెద్ద బొమ్మ ఎందుకు పంపింది? మానిటర్ తన హద్దుల్ని కేబుల్ ద్వారా ముందే చెప్పుకుంటుంది. ఆ పరిచయ పత్రాన్నే ఈడీఐడీ అంటారు. ఇక్కడ కన్వర్టర్ పెళ్లిళ్ల పేరయ్య వేషం వేసింది. అసలు మనిషిని దాచి, "మావాడు 1920×1080" అని గొప్పలు చెప్పింది. లినక్స్ నమ్మేసింది.

మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకుంటే లినక్స్ ఆ మాట వినకుండా, మొదట కనిపించిన సైజుతోనే నడిచింది. ఇన్‌స్టాల్ అయిపోయింది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ నలుపే, ఎందుకంటే ఆ మోడ్ పెన్‌డ్రైవ్‌కే పరిమితం. ఈసారి బూట్ మెనూలో 'ఇ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే లైను చివర 'నోమోడ్‌సెట్' అని చేర్చి, ఎఫ్10 కొట్టించాను. డెస్క్‌టాప్ వచ్చాక ఎక్స్‌ఆర్గ్ సెట్టింగుల ఫైలులో మానిటర్ పేరిట ఆ హద్దులు రెండూ ఆ పిల్ల చేతే రాయించాను. అంతే, ఆ తర్వాత లాగిన్ తెర దానంతటదే సరైన సైజులో వచ్చింది. బూట్ అయ్యేటప్పుడు రెండు మూడు క్షణాలు మాత్రం ఇప్పటికీ నల్లబడుతుంది. దానికి కంగారు అక్కర్లేదు.

పాతికేళ్ల కిందట లినక్స్ వేసినవాళ్లకి ఈ అంకెలు కొత్త కాదు. అప్పట్లో వాటిని చాలాసార్లు చేత్తో రాసుకోవాల్సి వచ్చేది. తప్పు రాస్తే పాత పెట్టె మానిటర్లు పాడయ్యే ప్రమాదమూ ఉండేది. ఇప్పుడంతా వాటంతటవే మాట్లాడుకుంటున్నాయి కాబట్టి మనం మర్చిపోయాం. మధ్యవర్తి అబద్ధమాడితే మాత్రం మళ్లీ ఆ పాత విద్యే దిక్కు.

మీ తెర మీద ఆ మాట కనిపిస్తే, కింద అంకెలున్నాయేమో చూసి కాగితం మీద రాసుకోండి. మాన్యువల్‌తో పోల్చండి. ఆ తర్వాతే షాపుకి వెళ్లండి.