హార్లెం బొంతలు, జోన్స్ రోడ్డు ఇల్లు

న్యూజెర్సీ తెలుగువాళ్ళకు జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి అంటే టోలు, ట్రాఫిక్కు. ఊరి నుంచి అమ్మానాన్నలొస్తే కారు కిటికీలోంచి ఓ ఫొటో. ఎనిమిదేళ్ల నల్లజాతి పిల్ల ఒకతి ఆ వంతెన తనదేనంటుంది. ఆ కథ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం వారి దగ్గరున్న ఒక బొంత మీద ఉంది.

బొంత పేరు 'టార్ బీచ్'. 1988లో నల్లజాతి చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ చేశారు. మధ్యలో కాన్వాసు మీద అక్రిలిక్ బొమ్మ, చుట్టూ పూలగుడ్డ ముక్కలు, పైనా కిందా చేత్తో రాసిన కథ. 1939 నాటి హార్లెంలో వేసవి రాత్రి. తారు పూసిన మేడ మీద పెద్దవాళ్ళు పేకాడుతుంటే, మన డాబాల మీద లాగే పిల్లలు పక్కలేసుకుని పడుకున్నారు. వాళ్లలో ఆ ఎనిమిదేళ్ల పిల్ల, కాసీ, లేచి వంతెన మీదుగా ఎగిరిపోతుంది. వాళ్ల నాన్న ఆ వంతెన కట్టిన కూలీల్లో ఒకడు; యూనియన్‌లో మాత్రం చోటు దొరకదు. కాసీ ఆ యూనియన్ భవనం మీదుగానూ ఎగిరి, దాన్ని నాన్నకు రాసిచ్చేస్తుంది!

రింగ్‌గోల్డ్ పుట్టిందీ హార్లెంలోనే, 1930లో. సిటీ కాలేజీలో చిత్రకళ చదువుతానంటే, ఆడవాళ్లకు టీచరు చదువే అన్నారు. ఆ దారినే చేరి బొమ్మలు నేర్చుకున్నారు, 1973 దాకా బళ్ళలో పాఠాలూ చెప్పారు. 1967లో ఆరడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పున 'డై' వేశారు. ఆఫీసు బట్టల్లో ఉన్న తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ నెత్తురోడుతుంటే, మధ్యలో ఇద్దరు పిల్లలు ఒకరినొకరు కరుచుకుని ఉంటారు. న్యూయార్క్ మోమా మ్యూజియం దాన్ని కొన్నది 2016లో. 2019లో పికాసో బొమ్మ ఉన్న గదిలోనే వేలాడదీసింది.

ఆత్మకథ రాస్తే అచ్చువేసేవాళ్ళు దొరకలేదు. అయితే బొంతల మీదే కథలు రాస్తానని మొదలుపెట్టారు. కుట్టుపని ఇంటిదే: ముత్తవ్వల్లో ఒకరు బానిసగా ఉండి బొంతలు కుట్టినావిడ, తల్లి విల్లీ పోజీ దుస్తుల డిజైనరు. మొదటి బొంత 1980లో తల్లీకూతుళ్ళు కలిసి కుట్టిందే. ఆత్మకథ చివరికి 1995లో పుస్తకమైంది.

1992లో ఆమె వంతెనకు ఇవతలున్న ఎంగిల్‌వుడ్‌కు, జోన్స్ రోడ్డుకు మారారు. స్టూడియో కడతానంటే ఇరుగుపొరుగు అడ్డుపడ్డారు. గుడి కోసం జోనింగ్ బోర్డు ముందు పార్కింగ్, ట్రాఫిక్ అభ్యంతరాలు వినొచ్చిన తెలుగువాళ్ళకు ఆ వాతావరణం కొత్తకాదు. చివరికి రింగ్‌గోల్డ్ స్టూడియో కట్టుకున్నారు. 1999 నుంచి అదే వీధి పేరుతో బొమ్మల వరుస మొదలుపెట్టారు: బానిసత్వం తప్పించుకున్న మనుషులు రాత్రిపూట అడవుల్లో నడిచి నడిచి జోన్స్ రోడ్డుకే చేరుకుంటారు.