ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి?

పిట్స్‌బర్గ్ అనగానే మన తెలుగువాళ్లకి గుర్తొచ్చేది వెంకన్న గుడి. అమెరికాలో తొలితరం హిందూ ఆలయాల్లో అదొకటి. 1976లో పెన్‌హిల్స్ గుట్ట మీద వెలిసింది. దర్శనం అయ్యాక పులిహోర తినకుండా ఎవరూ వెనక్కి రారు. నేనూ తిన్నాను. రెండోసారి వడ్డించుకుంటుంటే నన్ను తీసుకొచ్చిన మిత్రుడు అడిగాడు.

"పక్క ఊరు ప్లమ్. అక్కడొక బావి ఉంది, చూస్తారా?"

బావిలో చూడ్డానికేముంది అన్నాను.

"అది నీళ్లు తోడే బావి కాదండీ. నీళ్లు పోసే బావి!"

ఆ మాటతో మా మూడు రోజుల తిరుగుడు మొదలైంది. గ్యాస్ తీశాక మిగిలే నీళ్లు ఎటుపోతాయో చూద్దామని బయల్దేరాం.

సముద్రం కంటే ఉప్పన

భూమిని తవ్వుకుని బతకడం పశ్చిమ పెన్సిల్వేనియాకి కొత్తేం కాదు. 1859లో ఎడ్విన్ డ్రేక్ చమురు బావి తవ్విన టైటస్‌విల్ ఈ ప్రాంతంలోదే. తర్వాత బొగ్గు, దాని వెంటే ఉక్కు. ఆ వైభవం తగ్గిపోయాక, 2004లో పిట్స్‌బర్గ్‌కి నైరుతిన వాషింగ్టన్ కౌంటీలో ఓ బావిలోకి భారీగా నీళ్లు కొట్టి అడుగునున్న రాతిని పగలగొట్టారు. గ్యాస్ తన్నుకొచ్చింది. మార్సెలస్ షేల్ పేరు మార్మోగిపోయింది. ఇప్పుడు పిట్స్‌బర్గ్ విమానాశ్రయం సైతం తన స్థలం కిందున్న గ్యాస్‌తో, దానికి తోడు సౌర ఫలకాలతో కరెంటు తయారు చేసుకుంటోంది, 2021 నుంచీ.

షేల్ అంటే పలకల్లాగా పొరలు పొరలుగా ఉండే రాయి. దాదాపు 39 కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగున పేరుకున్న బురద అది. గ్యాస్ అందులోనే ఇరుక్కుపోయి ఉంటుంది. మైలు లోతుకి పైగా బోరు దించి, అక్కణ్నుంచి అడ్డంగా తిప్పి, ఇసుకా కొన్ని రసాయనాలూ కలిపిన నీళ్లని విపరీతమైన ఒత్తిడితో కొడతారు. రాయి పగులుతుంది. ఆ పగుళ్లు మూసుకుపోకుండా ఇసుక రేణువులు అడ్డుపడతాయి. తొలిరోజుల్లో ఒక్కో బావికీ 40, 50 లక్షల గ్యాలన్లు పట్టేవి. అంటే కోటిన్నర లీటర్ల పైమాటే. మన వీధుల్లోకొచ్చే పదివేల లీటర్ల ట్యాంకర్లు పదిహేను వందలు! ఇప్పుడు అడ్డబోర్ల పొడవు పెరిగింది. వాటితోపాటే నీళ్లూ.

పోసిన నీళ్లలో కొంతే తిరిగి పైకొస్తుంది. వచ్చేది కూడా వెళ్లినట్టు రాదు. మన ఇళ్లకి ఫిల్టర్లు అమ్మడానికొచ్చే కుర్రాళ్లు గ్లాసులో ముంచి చూపించే టీడీఎస్ మీటరు గుర్తుందిగా? అంకె 500 దాటితే చాలు, "చూశారా సార్" అంటూ మొహం అదోలా పెడతారు. సముద్రపు నీళ్లలో ఆ అంకె 35 వేలు. మార్సెలస్ పొరల్లోంచి వచ్చే నీళ్లలో రెండు లక్షలు దాటిన సందర్భాలూ ఉన్నాయి. ఉప్పుతోపాటు బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్, కాస్త రేడియం కూడా వెంట తెచ్చుకుంటాయి.

నది చెప్పిన పాఠం

పిట్స్‌బర్గ్ నడిబొడ్డున అలెగెనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నది అవుతాయి. ఆ సంగమం దగ్గర ఫౌంటెన్ గట్టు మీద కూర్చుని మిత్రుడు పాత కథ చెప్పాడు.

మొదట్లో గ్యాస్ బావుల నీళ్లు ట్యాంకర్లలో ఊళ్ల మురుగునీటి శుద్ధి కేంద్రాలకి వెళ్లేవి. ఆ కేంద్రాల్ని కట్టింది మనుషులు వాడి వదిలేసిన నీళ్ల కోసం. అక్కడి సూక్ష్మజీవులు మురికిని తింటాయి, ఉప్పు జోలికి పోవు. దాంతో ఉప్పు ఉన్నదున్నట్టు నదిలో కలిసేది. 2008లో వానలు తగ్గి మొనాంగహేలా సన్నబడిన రోజుల్లో సంగతి బయటపడింది. లక్షలమంది తాగే ఆ నదిలో టీడీఎస్ 500 దాటిపోయింది. తప్పంతా గ్యాస్‌దే అనలేం. పాతబడిన బొగ్గు గనుల్లోంచి కారే నీళ్లకీ అందులో వాటా ఉంది. కానీ అప్పటికే నిండిన కుండలో ఇదొచ్చి పడింది.

ఉప్పుకన్నా తంటా బ్రోమైడ్‌తో వచ్చింది. తాగునీటి కేంద్రంలో క్లోరిన్ కలపగానే అది ట్రైహలోమీథేన్లుగా మారుతుంది. వాటితో దీర్ఘకాలంలో క్యాన్సర్ ముప్పు ఉంటుందన్నది వైద్యుల భయం. 2010లో రాష్ట్రం ఉప్పు మీద కొత్త పరిమితులు పెట్టింది. 2011 మేలో, ఈ నీళ్లని శుద్ధి కేంద్రాలకి పంపడం ఆపమని కంపెనీలని కోరింది. 2016లో కేంద్ర పర్యావరణ సంస్థ దేశమంతటా ఊళ్ల మురుగునీటి కేంద్రాల తలుపులు ఈ నీళ్లకి మూసేసింది.

పారిశ్రామిక శుద్ధి కేంద్రాలదీ ఇంచుమించు అదే కథ. ఇండియానా కౌంటీలో బ్లాక్‌లిక్ అనే వాగులోకి నీళ్లు వదిలే ఒక కేంద్రం దగ్గర డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు పరిశోధించి 2013లో ఫలితాలు ప్రకటించారు. శుద్ధిలో రేడియం చాలావరకు పోతోంది. అయినా మిగిలిన ఆ కాస్తే రోజూ చేరి చేరి, గొట్టం దగ్గరి బురదలో ఎగువతో పోలిస్తే దాదాపు 200 రెట్లయింది!

వాడిందే మళ్లీ వాడితే?

రెండోరోజు వాషింగ్టన్ కౌంటీలో నీళ్లు తిరిగి వాడకానికి సిద్ధం చేసే ఒక యార్డు దగ్గర ఆగాం. లోపలికి రానివ్వలేదు. కంచె బయట నిలబడి చూశాం. వరసగా పెద్ద పెద్ద ట్యాంకులు, గేటు దగ్గర బారులు తీరిన లారీలు. వాటి మీద 'రెసిడ్యువల్ వేస్ట్' అని పెద్దక్షరాలు. గాల్లో డీజిలు వాసన.

లోపల జరిగే పని చెప్పుకోవడానికి తేలికే. నీళ్లని నిలవబెట్టి మడ్డిని దించేస్తారు. వడకడతారు. బేరియం, ఇనుము లాంటివి పైపుల్లో గట్టిపడి గారలా పట్టకుండా రసాయనాలతో వేరు చేస్తారు. ఉప్పు మాత్రం అలాగే ఉంటుంది. దానికి మంచినీళ్లు కలిపి కొత్త బావికి పంపేస్తారు. ఉప్పుని తట్టుకునే రసాయనాలు వచ్చాక ఇది ఇంకా సులువైంది. పెన్సిల్వేనియాలో ఇప్పుడు షేల్ బావుల నీళ్లలో దాదాపు తొంభై శాతం ఇలాగే మళ్లీ బావుల్లోకి వెళ్తోంది. నదుల్లోంచి తోడే మంచినీళ్లూ ఆ మేరకు తగ్గాయి. మెచ్చుకోవాల్సిన సంగతే.

మరి చిక్కెక్కడ? పాత బావి నీళ్లు తాగడానికి కొత్త బావి ఉండాలి. గ్యాస్ ధర పడిపోయి తవ్వకాలు తగ్గితే ఆ నీళ్లని అడిగేవాడుండడు. పాత బావులు మాత్రం ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు కక్కుతూనే ఉంటాయి.

పోనీ, పూర్తిగా శుద్ధి చేసి ఉప్పుని విడదీస్తే? పక్కనున్న వెస్ట్ వర్జీనియాలో 2017లో ఆ ప్రయత్నమూ జరిగింది. రోజుకి 60 వేల పీపాల నీళ్లు శుద్ధి చేసేలా ఓ భారీ కర్మాగారం మొదలైంది. 2019లో దాన్ని ఆపేశారు. గిట్టుబాటు కాలేదు. నీళ్లని మరిగించి ఉప్పు తీయడమంటే మాటలా? తీసిన ఉప్పుని గుట్టలుగా ఎక్కడో పెట్టాలి కూడా.

భూమి ఒప్పుకోని చోట

తిరిగి వాడగా మిగిలినవాటిలో చాలా నీళ్లు సరిహద్దు దాటి ఒహాయో చేరతాయి. పెన్సిల్వేనియాలో ఇలా నీళ్లు పోసే బావులు రెండు డజన్లు కూడా లేవు. ఒహాయోలో 200 పైనే. మూడోరోజు పొద్దున్నే యంగ్స్‌టౌన్ వెళ్లాం. ఉక్కు మిల్లులు మూతపడి బక్కచిక్కిన ఊరు. అక్కడ 9 వేల అడుగుల లోతు బావిలోకి ఈ నీళ్లు పంపడం మొదలుపెట్టాక భూమి కదలడం మొదలైంది. 2011 జనవరి నుంచి 14 నెలల్లో 109 ప్రకంపనలు! ఎక్కువ భాగం మనిషికి తెలియనంత చిన్నవి. 2011 డిసెంబరు 31న వచ్చింది మాత్రం ఊరందరికీ తెలిసింది. దాని తీవ్రత 3.9. అంతకుముందు రోజే అధికారులు ఆ బావిని ఆపించారు. కిందెక్కడో ఎవరికీ తెలియకుండా పడుకున్న పాత పగులులోకి నీళ్లు చేరి, ఒత్తిడికి అది జారిందని శాస్త్రవేత్తలు తేల్చారు.

గ్లాసుడు మంచినీళ్లు

చివరికి ప్లమ్. చెట్ల మధ్య కొద్దిపాటి ఖాళీ జాగా, కంచె, కొన్ని ట్యాంకులు. అంతే! చెప్పకపోతే పట్టించుకోకుండా దాటిపోతాం. పాత గ్యాస్ బావినే ఇలా మార్చారు. ఊళ్లోవాళ్లు అభ్యంతరాలు చెప్పినా 2018లో కేంద్ర సంస్థ, 2020లో రాష్ట్రం అనుమతిచ్చాయి.

ఆ దారిలోనే ఓ పెద్దాయన ఇల్లుంది. బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంటికి కుళాయి లేదు, పెరట్లో బోరే ఆధారం. మేం అడక్కుండానే ఓ నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. ప్రతినెలా నీళ్ల రీడింగులు. తేదీ, అంకె. తేదీ, అంకె. ఇప్పటిదాకా తేడా లేదు.

"తేడా లేదు కదా, ఇంకెందుకండీ రాయడం?" అడిగాను.

"తేడా వచ్చిన రోజున, ముందు ఎలా ఉండేదో చెప్పడానికి నా దగ్గర కాగితం ఉండాలిగా" అన్నాడు.

తర్వాత ఆయనే అడిగాడు, మీ దేశంలోనూ ఈ గ్యాస్ ఉందా అని. ఉందన్నాను. 2013లో మన కేంద్ర ప్రభుత్వం షేల్ గ్యాస్ అన్వేషణకి విధానం ప్రకటించింది. ఆశలు పెట్టుకున్న చోట్లలో కృష్ణా గోదావరి బేసిన్ కూడా ఉంది. వ్యాపార స్థాయిలో ఉత్పత్తి ఇంకా మొదలుకాలేదు. అక్కడ పైనంతా వరిచేలు, కాలవలు, కొబ్బరితోటలని చెబితే ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు.

"అయితే మీకింకా టైముంది. తవ్వకముందే రాసుకోవడం మొదలెట్టమను" అన్నాడు.

లేవబోతుంటే లోపలికెళ్లి గ్లాసులో మంచినీళ్లు తెచ్చిచ్చాడు. మిత్రుడు నా వంక చూశాడు. ఒక్క క్షణం తటపటాయించిన మాట నిజం. ఆయన పుస్తకంలో ఆ నెల అంకె చూశాను. గ్లాసు అందుకుని తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి.