చార్‌ధామ్‌కి మన పెద్దల్ని ఎవరి చేతుల్లో పెట్టాలి?



వచ్చే మే నెల చార్‌ధామ్ యాత్రకి మన బరంపురం నుంచి ఇప్పటికి ముప్పై నలుగురు పేర్లిచ్చారు. వారిలో అరవై దాటినవాళ్ళే ఇరవై ఒక్కరు. ఏర్పాట్లు చూడమని కార్యవర్గం మాకు నలుగురికి అప్పజెప్పింది. అప్పట్నుంచి గుళ్ళో, బజార్లో, పెళ్ళి పంక్తిలో ఎక్కడ కనబడ్డా ఒకటే ప్రశ్న: "ట్రావెల్స్ ఎవరో తేలిందా?" దానికి జవాబే ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది. ఒడియా మీడియంలో చదువుకుని తెలుగు చదవడం రాని మన పిల్లలకి ఇంట్లో పెద్దవాళ్ళు చదివి వినిపించండి, ఎందుకంటే డబ్బు కట్టేది చాలా ఇళ్ళలో ఆ పిల్లలే.

ముందు ఒక్క విషయం. ఇది పూరీకో, శ్రీకూర్మానికో, సింహాచలానికో వెళ్ళొచ్చినట్టు కాదు. మనకి దగ్గర్లో పెద్ద కొండ మహేంద్రగిరి, ఎత్తు 1,501 మీటర్లు. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. జీపు గౌరీకుండ్ దాకానే. అక్కణ్ణుంచి దాదాపు 16 కిలోమీటర్లు కాలినడకో, గుర్రమో, డోలీయో. 2013 జూన్ వరదలకి పాత దారిలోని రాంబాడా కొట్టుకుపోయాక వేసిన కొత్త దారి ఇది, పాతదానికంటే పొడుగు. యమునోత్రికి జానకీచట్టి నుంచి అయిదారు కిలోమీటర్ల ఎక్కుడు. గంగోత్రికీ బదరీకీ బండి వెళ్తుంది కానీ అవీ 3,000 మీటర్లు దాటినవే. మే నెల బరంపురం ఎండలోంచి బయల్దేరిన డెబ్బై ఏళ్ళ మనిషి అయిదారు రోజుల్లో ఆ చలిలో, గాలి పల్చబడే చోట నిలబడాలి. కాబట్టి మనం వెతికింది టికెట్లు కొనిపెట్టే మనిషిని కాదు, కష్టం వస్తే పక్కన నిలబడే మనిషిని.

ఇలా గట్టిగా చెప్పడానికి కారణముంది. మూడేళ్ళ కిందట మన రెండు వీధులవాళ్ళు కలిసి ఒక ట్రావెల్స్‌తో వెళ్ళారు. పేరు రాయం, అది ఇప్పుడు అనవసరం. సోన్‌ప్రయాగ్‌లో వాన పట్టుకుంది. గైడు "గుర్రాలు మాట్లాడి వస్తాను" అని వెళ్ళి రాత్రి దాకా తిరిగి రాలేదు, ఫోను ఎత్తలేదు. ఒక్క గదిలో పదకొండు మంది, తడిసిన బట్టలతో. మన పిన్ని ఒకావిడ ఆయాసంతో ఆ రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చునే ఉంది. పక్క గదిలోని గుజరాతీ కుటుంబం ఆవిణ్ణి వాళ్ళ జీపులో కిందికి దింపారు. పిన్ని బాగానే ఉంది, ఈసారి కూడా పేరిచ్చింది. కానీ ఆవిడ కొడుకు మాతో అన్న మాట మేం మరిచిపోలేదు: "మామా, అమ్మని పంపడానికి నాకు అభ్యంతరం లేదు. ఎవరితో పంపుతున్నారో అది చెప్పండి."

మొత్తం ఎనిమిది చోట్ల మాట్లాడాం. బరంపురం, భువనేశ్వర్, విశాఖ, హరిద్వార్. అందర్నీ ఒకటే ప్రశ్నలు అడిగాం.

మొదటి ప్రశ్న హెలికాప్టర్ గురించి. ఇది మనిషి నిజాయితీకి మంచి పరీక్ష అయింది. కేదార్‌నాథ్‌కి ఫాటా, సేర్సీ, గుప్తకాశీల నుంచి హెలికాప్టర్లు ఎగురుతాయి. వాటి టికెట్లు ఐఆర్‌సీటీసీ నడిపే హెలీయాత్రా వెబ్‌సైటులోనే దొరుకుతాయి, అదీ యాత్రికుడి రిజిస్ట్రేషన్ అయ్యాకే. బుకింగ్ తెరవకముందే "మీకు కన్ఫర్మ్ టికెట్ నా చేతిలో ఉంది, ఇప్పుడే సగం వేయండి" అన్నారు ముగ్గురు. ఆ ముగ్గుర్నీ అక్కడితో వదిలేశాం. నకిలీ హెలీ వెబ్‌సైట్లకి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు దేశమంతా ఉన్నారు. పైగా టికెట్ ఉన్నా మబ్బు పడితే ఎగరదు. 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర హెలికాప్టర్ కూలి ఏడుగురు పోయాక రెండు రోజులు మొత్తం ఆపేశారు. "టికెట్ దొరికితే సంతోషం, దొరకదనుకునే ప్లాన్ వేద్దాం" అన్నవాళ్ళ మాటే మాకు నచ్చింది.

రెండోది రోజుల లెక్క. హరిద్వార్ నుంచి హరిద్వార్‌కి తొమ్మిది రోజుల్లో నాలుగూ చూపిస్తామన్నవాళ్ళున్నారు. కాగితం మీద బాగానే ఉంది. విడదీసి చూస్తే, అర్ధరాత్రి గుప్తకాశీ చేరి, మూడింటికి లేచి, అదే రోజు కేదార్ ఎక్కి దిగాలి. సుమారు 2,000 మీటర్ల ఎత్తున్న గౌరీకుండ్ నుంచి ఒక్క పూటలో ఇంకో 1,600 మీటర్లు పైకి! కనీసం ఏడు రోజులు పెట్టుకోండి, ఒంటిని ఎత్తుకి అలవాటు పడనివ్వండి, 55 దాటినవాళ్ళు, బీపీ, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందే పరీక్ష చేయించుకోండి అని ఉత్తరాఖండ్ ఆరోగ్య శాఖే చెబుతోంది. ఆ ఏడూ ఆరోగ్యవంతులకి. మన బృందానికి పన్నెండు రోజులు కావాలని మేం నిర్ణయించుకున్నాం. ఖుర్దా రోడ్డులో ఉత్కల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రెండు రాత్రులు కూర్చుని వచ్చినవాళ్ళకి హరిద్వార్‌లో ఒక రోజు పూర్తి విశ్రాంతి, కేదార్ పైన ఒక రాత్రి బస. ఈ రెండూ తీసేస్తే ఖర్చు తగ్గుతుంది, నిజమే. తీసేయకూడదు.

మూడోది బండి, డ్రైవరు. యాత్రకి వెళ్ళే అద్దె బండ్లకి అక్కడి రవాణా శాఖ ఇచ్చే గ్రీన్ కార్డు, ట్రిప్ కార్డు ఉండాలి. డ్రైవరు లైసెన్సులో కొండదారి అనుమతి ఉండాలి. రాత్రి పది నుంచి తెల్లవారి నాలుగు దాకా ఆ దారుల్లో బండి నడపకూడదు. "రాత్రి కొంచెం నడిపించేస్తాం, టైము కలిసొస్తుంది" అన్నవాడికి నమస్కారం పెట్టేశాం.

నాలుగోది, పాత యాత్రికుల ఫోన్ నంబర్లు. ప్రతివాడూ తన గురించి బాగా చెప్పేవాళ్ళ నంబర్లే ఇస్తాడు. అందుకని "ట్రిప్పు బావుందా?" అని మేం అడగలేదు. "ఏ రోజు ఇబ్బంది అయింది? ఆ రోజు ఆయన ఏం చేశాడు?" అని అడిగాం. విశాఖ నుంచి ఒక రిటైర్డు టీచరమ్మ చెప్పారు: జోషీమఠ్ దగ్గర కొండచరియ పడి దారి మూసేస్తే ఆ ట్రావెల్స్ ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగి ఒక ధర్మశాలలో చోటు పట్టాడట. తను మాత్రం బస్సులోనే పడుకున్నాడట. మర్నాడు వంటాయన చారూ అన్నమూ బస్సు పక్కనే పొయ్యి పెట్టి వండాడట. ఇంకో ట్రావెల్స్ గురించి అడిగితే అవతలివాళ్ళు కాసేపు ఆగి, "అంతా దేవుడి దయ వల్ల జరిగిపోయిందండీ" అన్నారు. మాకు అర్థమైంది.

ఇక కష్టమైన సంగతి. అందరికంటే తక్కువ చెప్పింది మన సభ్యుల్లో ఒకరి బంధువు. తలకి ఏడువేల అయిదు వందలు తక్కువ. పట్టు నేసే ఇంట్లో, చిన్న కొట్టు పెట్టుకున్న ఇంట్లో ఇద్దరు వెళ్తే పదిహేను వేలు. అది చిన్న మొత్తం కాదని మాకూ తెలుసు. "మనవాడే కదా, మళ్ళీ కాగితాలెందుకు?" అని కొందరు పెద్దలు నొచ్చుకున్నారు కూడా. మేం ఆయన్నీ అందరితో సమానంగానే అడిగాం. జీఎస్టీ నంబరు ఒక పేరు మీద ఉంది, డబ్బు వేయమన్న ఖాతా ఇంకో మనిషి పేరు మీద ఉంది. ఏది ఇస్తారో ఏది ఇవ్వరో రాసిమ్మంటే "నా మాట మీద నమ్మకం లేదా?" అన్నారు. నమ్మకం లేక కాదు. సోన్‌ప్రయాగ్‌లో వాన పడే రాత్రి మన పిన్ని చేతిలో ఉండాల్సింది కాగితం, చుట్టరికం కాదు. ఆయన మీద ఎవరూ తప్పు మాట అనొద్దని మా మనవి. బరంపురం నుంచి పూరీ, అరసవల్లి ట్రిప్పులకి ఆయన బండ్లు మంచివే.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు భువనేశ్వర్, ఇంకొకరు ఆ టీచరమ్మ చెప్పిన విశాఖ ఆయన. ఇద్దరి కాగితాలూ సరిగ్గానే ఉన్నాయి. మేం విశాఖ ఆయనవైపు మొగ్గడానికి ఒక సంఘటన కారణం.

పేర్ల జాబితా, వయసులు, జబ్బులు ఇద్దరికీ పంపించాం. భువనేశ్వర్ వాళ్ళు "నో ప్రాబ్లం, అందర్నీ తీసుకెళ్తాం" అన్నారు. విశాఖ ఆయన రెండు రోజులు ఆగి ఫోన్ చేశారు. "ముప్పై ఒక్కరికి సరేనండీ. ముగ్గురి విషయంలో గుండె డాక్టరు రాసిస్తేగానీ కేదార్ పైకి తీసుకెళ్ళను. రాసివ్వకపోతే వాళ్ళు గుప్తకాశీలో ఉంటారు, మా మనిషి ఒకడు వాళ్ళతోనే ఉంటాడు. మిగతా మూడు ధామాలూ డాక్టరు సలహా ప్రకారం చూద్దాం. అలా కుదరదంటే నన్ను వదిలేయండి" అన్నారు. ముప్పై నలుగురి బేరం పోయినా పరవాలేదన్న మనిషి ఆయన ఒక్కడే. ఆ ముగ్గురిలో ఒకాయన మన సంఘం కట్టినప్పట్నుంచీ ఉన్న 76 ఏళ్ళ పెద్దాయన. ఇంటికి వెళ్ళి చెప్పాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "మీ పిన్నిని పైకి పంపండి, నా పేరున కూడా దండం పెట్టి వస్తుంది" అన్నారు. ఆ మాట మాకు తేలిగ్గా దిగలేదు. కానీ "నో ప్రాబ్లం" కంటే అదే మేలు.

ఆయనతో రాతలో పెట్టుకున్నవి ఇవి. ముగ్గురు గైడ్లు. ఒకరు ముందు, ఒకరు మధ్యలో, ఒకరు అందరికంటే వెనక నడిచేవాడి వెనక. ఇద్దరికి తెలుగు, ఒకరికి హిందీతో పాటు ఒడియా వచ్చుండాలి. గదికి నలుగురికి మించకూడదు. వేడినీళ్ళు, రెండు పూటలా మన వంట. గుర్రం, డోలీ ఖర్చు ప్యాకేజీలో లేదు, ప్రీపెయిడ్ కౌంటరులో మనమే కట్టుకోవాలి. దారి మూసుకుపోయి ఎక్కువ రాత్రులు ఉండాల్సొస్తే గది అద్దె చెరి సగం, భోజనం ఆయనదే. డబ్బు మూడు విడతలు: ఇప్పుడు అయిదో వంతు, బయల్దేరడానికి నెల ముందు సగం, మిగతాది హరిద్వార్‌లో బండి, కార్డులు చూసుకున్నాక. అంతా జీఎస్టీ ఉన్న పేరు మీదున్న ఖాతాకే, బిల్లుతో.

"కాగితం ఉంటే మాత్రం ఏం లాభం, కోర్టు విశాఖలోనో హరిద్వార్‌లోనో కదా" అని ఒకరన్నారు. ఆ భయం అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం కాపురముండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. ముందుగా 1915 హెల్ప్‌లైనుకి ఫోన్ చేసినా సరే. ఆ అవసరం రాకూడదనే కోరుకుందాం.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. వచ్చే ఆదివారం సాయంత్రం సంఘం హాల్లో సమావేశం. యాత్రికులు ఆధార్ నకలు, వాడే మందుల చీటీ తీసుకురండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఎవరి ఫోన్ నంబరుతో వాళ్ళకే చేయిస్తాం. అరవై దాటినవాళ్ళు బీపీ, షుగర్, ఈసీజీ చేయించుకుని రిపోర్టు ఇవ్వండి. రేపట్నుంచే పొద్దున అరగంట నడక మొదలెట్టండి, మోకాళ్ళ నొప్పి ఉన్నా దాచకుండా చెప్పండి. మొదటి విడత కట్టడం కష్టమైన ఇళ్ళు మాలో ఎవరికైనా ఒక్కరికి విడిగా చెబితే చాలు, నెలనెలా కట్టేలా చూస్తాం. విశాఖ ఆయన కూడా ఆదివారం వస్తున్నారు. మీ ప్రశ్నలు మొహమాటం లేకుండా ఆయన్నే అడగండి. ఆయన మొహమాటపడే మనిషి కాదని మేం చూశాం.

ఇట్లు,
మీ యాత్రా కమిటీ